పన్ను సమానమైన న్యాయము సమానమగునా?



గడచిన బసవ జయంతి నాటి సాయంకాలము మా యూరి గోష్ఠిలో, పట్టణమున ఉద్యోగము చేయుచున్న యువకుడొకడు లేచి యిట్లు ప్రశ్నించెను: "అయ్యవారూ, బసవేశ్వరుడు మానవులందరును సమానులని బోధించెను గదా. అట్లయిన అందరియొద్దను ఒకే రేటున పన్ను తీసికొనుటయే బసవ మార్గము కాదా? ఉన్నవానికి ఎక్కువ, లేనివానికి తక్కువ యనుట భేదబుద్ధి కాదా?" ప్రక్కనే కూర్చున్న పెద్దరైతు ఒకరు తలయూచి, "పన్ను కట్టునది మనము, తినునది వారు" అని ముగించివేసిరి. పలువురు నవ్విరి. నాకు మాత్రము ఆనాడు సరియైన సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చిన పిదప ఆలోచించి, చదివి, లెక్కలు వేసికొని వ్రాసిన పాఠమిది. ఆ యువకుని ప్రశ్న మంచిది. పెద్దవారి మాటనే పరీక్షింపవలసి యున్నది.

ముందుగా ఒక సంగతి. మన సంప్రదాయమునకు పన్నుతో వైరము లేదు. బసవేశ్వరుడు కళ్యాణ నగరమున బిజ్జలుని కొలువులో కరణికముతో ఆరంభించి భండారియై, దండనాయకుడైన మహనీయుడు. ప్రజల సొమ్మునకు లెక్క చెప్పుట ఆయన కాయకము. రాజధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని కొండెములు చెప్పగా బిజ్జలుడు భాండాగారమును లెక్కింపించుట, లెక్క సరిపోవుట, పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వినిన ప్రతి కుటుంబమునకు తెలిసిన కథయే. దానిని మహిమగా వినుచుందుము గాని, అందులో ప్రభుత్వ ధనము పట్ల ఉండవలసిన నిష్ఠయు కలదు. మరియొక శరణుని పేరు మన తెలుగు సీమలో అంతగా వినబడదు: సుంకద బంకణ్ణ. ఆయన సుంకము వసూలు చేయువాడు. బంకేశ్వర లింగము అంకితముగా వచనములు చెప్పినవాడు. సుంకరి సయితము అనుభవ మార్గమున నడచిన శరణుడు కాగలిగెనన్నచో, పన్ను వసూలు హీనవృత్తి యని మనము అనరాదు. కాబట్టి ప్రశ్న పన్ను ఉండవలెనా యని కాదు. ఎవని చేతిలోని దేనినుండి తీసికొనవలెను అన్నదియే ప్రశ్న.

దీనికి నాకు దారి చూపినది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ గింజలు తెచ్చెను. లక్కమ్మ వానిని చూచి, ఈనాటి అక్కరకు మించినది మనది కాదు, పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథలో అందరును మెచ్చుకొనునది ఆమె నిరాశాబుద్ధి. నేను గమనింపుమని వేడునది ఆమె గీచిన గీత. అక్కర ఒక ప్రక్క, మిగులు ఒక ప్రక్క. అక్కరకు సరిపడు గింజ ఆ యింటిది, దాసోహమునకు సయితము ఆధారమది. మిగులు మాత్రము సంఘమునది. ఇంత స్పష్టముగా అక్కరను, మిగులును విడదీసిన ఆర్థికశాస్త్రవేత్తలు తక్కువ.

దాసోహము స్వచ్ఛందము, పన్ను నిర్బంధము. రెండును ఒకటి కావు. అయినను లక్కమ్మ గీతను పన్నునకు అన్వయించి చూచిన, మంచి పన్ను మిగులును తాకును, చెడ్డ పన్ను అక్కరను తాకును. రేటు ఒకటియే యగుట ఈ గీతను చూడదు. అదియే చిక్కు.

ఇక మన సీమకు వత్తము. నరసాపురము నుండి సఖినేటిపల్లికి వశిష్ఠ మీద పంటు దాటినవారందరును తలకింత యని రేవు రుసుము నిచ్చినవారే. పది యెకరముల కొబ్బరితోట గల ఆసామియు, ఆ తోటలో దింపు తీయబోవు కూలివాడును ఇచ్చునది ఒకే రూకలు. ఆసామి పండుగకో పెండ్లికో దాటును. కూలివాడు పని దొరికిన ప్రతిదినము పోవుట కొకమారు, వచ్చుట కొకమారు దాటును. రేవు రుసుము సేవకు మూల్యము గనుక దానిని పన్ను అనుట పూర్తిగా సరికాదు. అయినను తలకింత యను లెక్క ఎవరి మీద ఎట్లు పడునో గ్రహించుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము నాకు కానరాలేదు.

తలకింత యను పన్నులలో ప్రపంచమంతయు ఎరిగినది ఉప్పు పన్ను. 1882 నాటి ఉప్పు చట్టము ప్రకారము ఉప్పు తయారీ ప్రభుత్వపు గుత్త. అంతర్వేది మొదలు సముద్రము ముంగిట కాపురమున్న పల్లెలవారు సయితము చౌటినేల మీద తేలిన ఉప్పును ఇంటికి తెచ్చికొనిన నేరస్థులే. 1923లో ఈ పన్నును మణుగునకు రూపాయి నాలుగణాల నుండి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచిరి. మరుసటి ఏడు మరల తగ్గించిరి. మొత్తము చూచిన స్వల్పమే యని దొరలు వాదించెడివారు. కాని ఉప్పు ధనముతో పెరుగు భోగము కాదు. ధనవంతుడు పదింతలు సంపాదించినంత మాత్రమున పదింతలు ఉప్పు తినడు. పైగా ఎండలో చెమటోడ్చువానికే ఉప్పు ఎక్కువ కావలెను, వాని పశువునకును కావలెను. అనగా సమానమైన రేటు గల ఈ పన్ను పేదవాని మీద ఆదాయమును బట్టియే కాక, కొన్ని యెడల రూకలను బట్టియు ఎక్కువగా పడెడిది. 1930 మార్చి 2న గాంధీ మహాత్ముడు వైస్రాయికి వ్రాసిన లేఖలో పేదల దృష్టిలో దీనినే మిక్కిలి అన్యాయమైన పన్నుగా ఎంచుటకు కారణమిదియే. ఆ లేఖలోనే ఆయన వైస్రాయి దినవేతనము ఏడువందల రూపాయలకు పైబడినదనియు, సగటు భారతీయుని దినాదాయము రెండణాలకు లోబడినదనియు లెక్క చూపెను. ఆ యిద్దరి యింటను ఉప్పు మీద పన్ను ఒకటియే.

ఆ ఏడు మన జిల్లాలో బులుసు సాంబమూర్తిగారి నాయకత్వమున కాకినాడ దరి చొల్లంగిలో ఉప్పు వండిరి. 1931 మార్చి 5 నాటి గాంధీ, ఇర్విన్ ఒడంబడికచే తీరగ్రామములవారు ఇంటి వాడుకకు ఉప్పు చేసికొనుటకు అనుమతి లభించెను. పన్ను పూర్తిగా పోయినది 1947లో. నేటి వస్తు సేవల పన్నులోను ఉప్పునకు రేటు సున్నయే. ఆ సున్న వెనుక ఇంత చరిత్ర కలదు.

కాయకమును తాకిన పన్ను మరియొకటి ఉండెను. కుంపిణీ కాలమున మద్రాసు రాజధానిలో మొహతర్ఫా అని పిలిచెడివారు. సాలెవాని మగ్గము మీద, చేతిపనివారి వృత్తి మీద, చిల్లర అంగడి మీద విధించెడి పన్ను అది. పని జరిగినను జరుగకున్నను మగ్గమున్నచో పన్ను ఉన్నట్లే. 1852లో గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషను పార్లమెంటునకు పంపిన అర్జీలో దీనిని గూర్చియు మొర కలదు. 1860 దశకము ఆరంభమున దీనిని తొలగించిరి. కాయకమే కైలాసమని నమ్మిన మనకు, పనిముట్టు మీద పన్ను ఎందుకు తప్పో వేరుగా చెప్పనక్కరలేదు.

మొహతర్ఫా పోయినను దాని నీడ వృత్తి పన్ను రూపమున నిలిచియున్నది. మన రాష్ట్రమున నెలజీతము పదునైదు వేలు దాటని ఉద్యోగికి ఈ పన్ను లేదు. అది మంచిదే. ఇరువది వేల లోపు నెలకు 150 రూపాయలు, ఇరువది వేలు దాటిన 200 రూపాయలు. అచ్చటితో మెట్లు ఆగిపోయెను. ఇరువదియొక్క వేలు తెచ్చుకొను గుమాస్తాకు ఇన్నూరు, రెండు లక్షలు తెచ్చుకొను అధికారికిని ఇన్నూరే. ఒకనికి జీతములో ఇంచుమించు నూటికి ఒకటి, రెండవవానికి వేయికి ఒకటి. రాజ్యాంగము 276వ అధికరణము ఏడాదికి 2,500 రూపాయలకు మించి ఈ పన్ను విధింపరాదని కట్టడి చేయుటచే పై మెట్లు కట్టుటకు చోటు చాలదు. ఆ పరిమితి 250గా ఉండగా 1988లో రాజ్యాంగ సవరణచే పదింతలు చేసిరి. అటుపిమ్మట ముట్టలేదు.

అమ్మకపు పన్ను మన యింటికి వచ్చిన త్రోవ విచిత్రమైనది. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించెను. కల్లు సారాయిల రాబడి తగ్గెను. ఆ లోటు పూడ్చుటకు 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. కోనసీమ అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే గనుక మన వర్తకులును ఆ చిట్టాలకు లోబడిరి. సంకల్పము గొప్పది. కాని త్రాగుబోతు పేదవాని నుండి వచ్చెడి సొమ్ము, త్రాగని పేదవాని బుట్టలోని సరుకుమీదికి మారెను. దానిని ఎవరును కావలెనని చేయలేదు. రేటు మొదట అల్పము గనుక బాధయు కనబడలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1957 చట్టము, 2005 ఏప్రిల్ 1 నుండి వ్యాట్, 2017 జులై 1 నుండి వస్తు సేవల పన్ను, ఇట్లు పేర్లు మారుచు వచ్చినవి. పెట్రోలు, డీజిలు మాత్రము నేటికిని రాష్ట్రపు వ్యాట్ క్రిందనే యున్నవి. ఎదుర్లంక వంతెన దాటి యానాములో తక్కువ ధరకు పెట్రోలు పోయించుకొని వచ్చువారిని చూచుచున్నాము. బండి లేనివానికి ఆ లాభము లేదు. వాడు ఎక్కు బస్సు ఇచ్చటి ధరకే నడచును.

ఒక లెక్క వేయుదము. ఇది నమూనా మాత్రమే. కూలి కుటుంబము ఒకటి నెలకు పండ్రెండు వేలు సంపాదించి, పండ్రెండు వేలును ఖర్చు పెట్టుననుకొందము. అందులో సగము విడి బియ్యము, కూరలు, పాలు, ఇంటి అద్దె వంటి పన్ను లేని వాటికి పోవును. మిగిలిన ఆరు వేల సరుకు మీద నూటికి ఐదు చొప్పున 300 రూపాయలు. ఆదాయములో నూటికి రెండున్నర. ఇక నెలకు లక్ష యిరువది వేల రాబడి గల గృహస్థు అరువది వేలు ఖర్చు చేసి, అరువది వేలు దాచుననుకొందము. ఖర్చులో సగము, అనగా ముప్పది వేల సరుకు మీద అదే ఐదు చొప్పున 1,500 రూపాయలు. ఆదాయములో నూటికి ఒకటింబాతిక. అనగా ఒకే రేటు వేసినచో, పదింతలు గలవాడు ఇచ్చు వంతు సగమైనది! అతడు మోసము చేయలేదు, చట్టమును తప్పలేదు. దాచుకొనగలుగుట ఒక్కటియే అతనికి రక్ష. తినివేయవలసినవానికి ఆ రక్ష లేదు.

అయిన, ఆ గృహస్థు కొనునవాటిలో పదునైదు వేల సరుకు నూటికి పదునెనిమిది చొప్పున పన్ను గల వస్తువులైనచో? అప్పుడు 2,700కు 750 కలిపి 3,450 రూపాయలు, నూటికి ఇంచుమించు మూడు. అన్యాయము తీరినది. కాబట్టి అమ్మకపు పన్నును కొంతైన న్యాయముగా నిలుపునది రేట్లలోని భేదమే. ఒకే దేశము, ఒకే పన్ను యన్న నినాదమును ఒకే రేటు యని పొరబడి పొగడువారు ఈ సంగతి గమనింపవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి మెట్లను తగ్గించి ముఖ్యముగా ఐదు, పదునెనిమిది, మరి కొన్ని వస్తువులకు నలువది యని ఏర్పరచిరి. సబ్బు, దంతధావన పేస్టు, తలనూనె పదునెనిమిది నుండి ఐదునకు, సైకిలు పండ్రెండు నుండి ఐదునకు దిగెను. పేదల సరుకు క్రింది మెట్టునకు దిగుట మెచ్చదగినది. 2022-23 నాటి జాతీయ గృహవ్యయ సర్వే ప్రకారము గ్రామీణ కుటుంబము ఖర్చులో నూటికి 46 వంతులు ఆహారమునకే పోవుచున్నవి, నగరములో 39. అన్నము మీద వేసిన ప్రతి పైసా ఎక్కడ ఎక్కువ తగులునో ఈ అంకెలే చెప్పును.

రేటుకంటె సూక్ష్మమైనది పొట్లము సంగతి. 2022 జులై 18 నుండి చీటీ అంటించి కట్టిన బియ్యము, పప్పు, పిండి పొట్లము ఇరువదియైదు కిలోలు మించనిచో నూటికి ఐదు పన్ను. మించినచో లేదు. వెంటనే అంగళ్లలో ఇరువదియారు కిలోల బస్తా వెలసెను! ఒక్కసారి ఆ బస్తా కొనగలవాడు పన్ను తప్పించుకొనెను. ఐదు కిలోల పొట్లము కొనువాడు కట్టెను. విప్పి తూచి యిచ్చు విడి బియ్యమునకు పన్ను లేదు గనుక పేదవానికి దారి పూర్తిగా మూసికొనలేదు, నిజమే. కాని దూరాలోచన లేక గీచిన గీత ఎవరి పక్షమున ఒరుగునో చూడుడు.

మన కొబ్బరినూనె కథ దీనికి అన్నగారు. కాయకు పన్ను లేదు. అంబాజీపేటలో ఎండిన కురిడీ నూనెగా మారి డబ్బాలో పడిన పిదప అది వంటనూనెయా తలనూనెయా యన్న వివాదము పుట్టెను. ఎక్సైజు చట్టములో వంటనూనెకు ఒక శీర్షిక, కేశసంస్కార ద్రవ్యములకు వేరొక శీర్షిక. 2009లో కేంద్ర ఎక్సైజు శాఖ ఒక సర్క్యులరు ద్వారా చిన్న పాత్రలలోని నూనెను, అనగా ఇన్నూరు మిల్లీలీటర్ల వరకు గల వాటిని, తలనూనెగా ఎంచుమనెను. పెద్ద డబ్బాలోనిది వంటనూనె. అదే చెట్టు, అదే కాయ, అదే గానుగ. పెద్ద డబ్బా కొనగలవాని నూనె తక్కువ పన్నుది, రెండు రూపాయల ప్యాకెట్టు కొనువాని నూనె ఎక్కువ పన్నుది! 2015లో ఆ సర్క్యులరును ఉపసంహరించిరి. వివాదము మాత్రము ఆగలేదు. 2018లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరియొక అభిప్రాయమును చెప్పిరి. తుదకు 2024 డిసెంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, పాత్ర చిన్నదైనంత మాత్రమున శుద్ధమైన కొబ్బరినూనె తలనూనె కానేరదని తీర్పు చెప్పెను. వస్తు సేవల పన్నులోను వంటనూనెకు ఐదు, తలనూనెకు పదునెనిమిది యని ఉండెను గనుక ఆ తీర్పునకు విలువ కలిగెను. 2025 సెప్టెంబరులో తలనూనెయు ఐదునకు దిగుటతో ఆ తేడాయే పోయినది. కాని ఇన్నియేండ్లు వ్యాజ్యెము పెద్ద కంపెనీలకును ప్రభుత్వమునకును నడుమ నడచెను. చిన్న ప్యాకెట్టు కొనిన తల్లిని ఎవరును పార్టీగా చేర్చలేదు.

ఎదుటి వాదమును వినకుండుట ధర్మము కాదు. ఆదాయమును దాచవచ్చును గాని అంగడిలో కొనుగోలును దాచుట కష్టము, కాబట్టి అమ్మకపు పన్నే నికరమైనదని కొందరందురు. ఇది కొంత నిజము. వచ్చిన సొమ్ము ఏ త్రోవన పోయినదో చూడక పన్నును ఒంటరిగా తూచరాదని మరికొందరందురు. ఇది ఇంకను నిజము. చౌకబియ్యముగా, బడిగా, ఆసుపత్రిగా తిరిగి వచ్చిన పన్ను బరువు తగ్గును. ఆదాయపు పన్నులోనే ఒకే రేటు పెట్టిన దేశములును కలవు. ఎస్టోనియా 1994లో, రష్యా 2001లో ఆ దారి త్రొక్కినవి. రష్యా 2021లో పై ఆదాయములకు ఎక్కువ రేటు పెట్టి, 2025 నుండి మెట్లను ఇంకను పెంచినది. ఇంగ్లండులో తలపన్నును పోలిన కమ్యూనిటీ చార్జిని 1990లో ప్రవేశపెట్టగా లండనులో అల్లర్లు చెలరేగెను. ఆ యేడే ప్రధాని థాచరు గద్దె దిగుటకు అది ఒక కారణమయ్యెను. 1993లో దానిని ఎత్తివేసిరి. 1381లో తలపన్ను మీద తిరుగుబాటు జరిగిన దేశమే అది. చరిత్ర చదివినవారే మరచిరి.

ఇప్పుడు "పన్ను కట్టునది మనము" అన్న పెద్దల మాట. చెప్పుట కొంత కష్టముగా నున్నను చెప్పవలెను. వ్యవసాయపు ఆదాయమును 1886 నాటి చట్టము మొదలు ఆదాయపు పన్ను నుండి మినహాయించుచు వచ్చిరి. నేటికిని కేంద్రము దానిపై ఆదాయపు పన్ను వేయుట లేదు. ఈ మినహాయింపు తప్పని నేననను. 1996 నవంబరు 6 నాటి తుపాను మన తోటలను ఎట్లు నేలకూల్చినదో చూచినవారికి, 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన సంగతి తెలిసినవారికి, సన్నకారు రైతునకు ఈ రక్ష ఎందుకో తెలియును. కౌలుదారుని సంగతి చెప్పనే యక్కరలేదు. అయితే కొబ్బరి ధర బాగుండిన యేట తోటపై వచ్చిన రాబడికి పెద్ద ఆసామి ఒక్క రూపాయి ఆదాయపు పన్ను చెల్లింపనక్కరలేదు. ఆ తోటలో దింపు తీసిన మనిషి సాయంకాలము కొనిన సబ్బుబిళ్ల మీద పన్ను చెల్లించియే ఇంటికి పోవును. ఆ రసీదు వానికి ఎవరును ఇయ్యరు, వాడును అడుగడు. కాబట్టి పేదలు పన్ను కట్టరనుట అసత్యము. అసత్యమును గోష్ఠిలో పలుకుట శరణులకు తగదు.

ఆ యువకునికి నా సమాధానమిది. అందరి మెడలోను ఉండు లింగము ఒకటియే. అందులో హెచ్చుతగ్గులు లేవు. కాని లింగధారులందరు ఒకే బరువు కావడి మోయవలెనని బసవేశ్వరుడు విధింపలేదు. దాసోహమున ఎవరి శక్తి కొలది వారు సమర్పించిరి. లక్కమ్మ యింటి పిడికెడు బియ్యమును భండారి యింటి రాశితో ఒకే కొలపాత్రతో కొలువలేదు.

తుదకు మఠములవారికి ఒక విన్నపము. ఉచిత అన్నదానము చేయు ధర్మసంస్థలు కొనిన బియ్యము, పప్పు, నూనె, నెయ్యి, చక్కెర, పిండి మీద చెల్లించిన కేంద్రపు వంతు పన్నును తిరిగి యిచ్చుటకు కేంద్ర సాంస్కృతిక శాఖ 2018 ఆగష్టు 1 నుండి సేవాభోజ్ పథకమును ఆరంభించెను. నెలకు ఐదువేల మందికి తక్కువ కాకుండ భోజనము పెట్టు సంస్థలకు అది వర్తించునట్లు నిబంధన చేసిరి. పెద్ద మఠములకు అందునది, మన సీమలోని చిన్న మఠములకు అందనిది. ఇరువదిమందికి పెట్టు జంగమ మఠము నూనె డబ్బా మీద పన్ను కట్టియే పెట్టవలెను. ఆ మఠము ప్రక్క సందులో నలుగురు పిల్లలకు వండు విధవరాలును అదే నూనెకు అదే పన్ను కట్టును. మఠము పక్షమున అర్జీ వ్రాయువారు ఎవరైన నుందురు. వచ్చే గోష్ఠికి మీ మీ యిండ్లలో ఒక నెల సరుకుల చీటీలను, మీ తోటలో పనిచేయు ఒక కుటుంబము వారి చీటీలను దాచి తీసికొని రండు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి పన్ను గడిని కూడి చూతము.